వేదిక కట్టకండి, చాపలు పరవండి

విదేశీ అతిథుల్ని మన ఊరికి పిలిచి, పాటలూ చేతిపనులూ ఒకరికొకరు నేర్పుకునే నాలుగు రోజులు ఎలా జరపాలో చెబుతాను. మొదటి ఏడాది నేను చేసిన తప్పులు ముందు చెప్పేస్తానండి. అవి విన్నాక సగం పని మీకే తెలిసిపోతుంది.

మా అమ్మాయికి జర్మనీలో ఉద్యోగం. నాలుగేళ్ళ కిందట జనవరిలో ఊరొస్తూ, స్నేహితులు నలుగుర్ని వెంట తెస్తానంది. ఒకబ్బాయిది జర్మనీ, ఒకమ్మాయిది పోలండు, ఇంకో కుర్రాడిది ఎస్తోనియా. నాలుగో ఆవిడ ఫ్రాన్సులో పిల్లలకి క్లారినెట్ నేర్పి రిటైరైన టీచరు. నేనూ రిటైరైన టీచర్నే. ముప్పై రెండేళ్ళు సోషలు చెప్పాను. మొదటి ప్రపంచ యుద్ధం తరవాతి వెర్సేల్స్ సంధి షరతులు ఎంతమంది పిల్లల చేత బట్టీ పట్టించానో లెక్క లేదు. అలాంటిది ఆ పాఠంలోని దేశాల మనుషులే పాలకొల్లు పక్కనున్న మా పల్లెకి, కాలవ గట్టు మీద మా పెంకుటింటికి వస్తున్నారంటే ఊరుకోబుద్ధవుతుందా?

"కళలతో ప్రపంచ శాంతి" అని ఫ్లెక్సీ కొట్టించాను. బడి ఆవరణలో వేదిక, షామియానా, నాలుగు వందల కుర్చీలు, రెండు మైకులు. ముగ్గురు పెద్దమనుషులు తలో ఇరవై నిమిషాలు శాంతి గురించి మాట్లాడారు. పిల్లలు సినిమా పాటలకి డాన్సులు చేశారు. అతిథులకి శాలువాలు కప్పి, దండలు వేసి, తలా ఐదు నిమిషాలు ఇచ్చాం. పాపం ఆ ఎస్తోనియా కుర్రాడు శాలువా కప్పుకునే చెమటలు కక్కుతూ ఏదో పాడాడు. తీస్తే మర్యాద కాదేమో అనుకున్నాట్ట. చివర అందరం ఫొటో దిగాం. ఖర్చు 68,000. ఆ రాత్రి మా ఊరివాడు ఒక్కడైనా ఆ నలుగురితో ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు.

మర్నాడు పొద్దున్న ఇడ్లీ తింటూ ఫ్రాన్సు ఆవిడ మా అమ్మాయిని ఏదో అడిగింది. "నాన్నా, నిన్న గేటు దగ్గర క్లారినెట్ వాయించినాయన ఎవరు, కలవచ్చా అంటోంది" అంది అమ్మాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మా ఊరి బ్యాండు మేళంలో క్లారినెట్. కారు గేటు దగ్గర ఆగినప్పుడు పది నిమిషాలు వాయించమని పిలిచి, ఐదు వందలు చేతిలో పెట్టి పంపించేశాను. కుర్చీ కూడా వెయ్యలేదు. పెళ్ళిళ్ళలో ఆయన ఎప్పుడూ పందిరి బయటే నిలబడి వాయిస్తాడు కదా, నా కంటికి అదే అలవాటైపోయింది. నాలుగు వందల కుర్చీలు తెప్పించిన మహానుభావుణ్ణి, ఆ ఊరేగింపులో యూరప్ నుంచి వచ్చిన వాయిద్యం ఎవరి చేతిలో ఉందో చూసుకోలేదు.

రెండో ఏడు నుంచి నేను చేస్తున్నదే ఇక్కడ రాస్తున్నాను. మా ఇంటికి సరిపోయింది, మీ ఇంటికి తగ్గట్టు మీరు మార్చుకోండి.

పిలుపులు, కాగితాలు

నలుగురు, మహా అయితే ఆరుగురు. అంతకి మించితే వాళ్ళలో వాళ్ళే ఒక గుంపైపోతారు, మనతో పని ఉండదు. అందరూ ఒకే దేశం వాళ్ళు కాకుండా చూసుకోండి. ఒకప్పుడు కొట్టుకున్న రెండు దేశాల వాళ్ళుంటే మరీ మంచిది. ఎందుకో తరవాత చెబుతాను.

మనుషులు ఎక్కడ దొరుకుతారంటారా? ఈ డెల్టాలో ఇంటికో పిల్లో పిల్లాడో బయటి దేశంలో ఉన్నారు, ముందు వాళ్ళనే అడగండి. ఎవరూ లేకపోతే హైదరాబాదులో ఫ్రెంచి నేర్పే అలయాన్స్ ఫ్రాంసేజ్ ఉంది, జర్మన్ నేర్పే గోతె సెంట్రుమ్ ఉంది. "మా ఊళ్ళో హార్మోనియం ఉంది, లేసు అల్లేవాళ్ళున్నారు, నాలుగు రోజులు ఉండి నేర్చుకునేవాళ్ళు కావాలి" అని సూటిగా మెయిలు రాయండి. ప్రపంచ శాంతి ఊసు ఎత్తకండి. ఆ మాట చూడగానే ఎవరికైనా శాలువా గుర్తొస్తుంది.

విదేశీయుల్ని ఇంట్లో దింపుకుంటే, వాళ్ళు వచ్చిన 24 గంటల్లోగా ఆన్‌లైన్లో ప్రభుత్వానికి తెలియజేయాలి. ఫారం-సి అని పేరుపడ్డ కాగితం అదే. హోటళ్ళకే కాదు, మన ఇళ్ళకీ వర్తిస్తుంది. పాస్‌పోర్టు, వీసా ఫొటోలు ముందే తెప్పించి పెట్టుకోండి. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళు డబ్బు తీసుకుని కచేరీ చెయ్యకూడదు. అందుకని టికెట్లు వద్దు, పారితోషికాలూ వద్దు.

రోజుల విషయం. సంక్రాంతి మూడు రోజులూ వద్దు. కోడిపందేల హోరులో వీణ ఏం వినబడుతుంది? జనవరి మొదట్లో దాళ్వా, అంటే రెండో పంట, నాట్లు, ఆడవాళ్ళకి తీరిక ఉండదు. ముక్కనుమ వెళ్ళిన వారం తరవాత నుంచి శివరాత్రి లోపు అన్నిటికీ బాగుంటుంది. ఫ్రాన్సులో 1982 నుంచి జూన్ 21న వీధివీధినా పాటల పండగ చేస్తారు. మూడో ఏడు దాని ముచ్చటపడి నేనూ ఆ తేదీకే పెట్టాను. మన జూన్ సంగతి తెలిసిందే. వాన కొడితే ఇరవై మందిమి వరండాలో ఒకరి మీద ఒకరం కూర్చున్నాం, హార్మోనియం మెట్లు ఉబ్బి రెండు స్వరాలు పలకలేదు.

చాపల సంగతి

చాపలంటే చాదస్తం అనుకోకండి. కుర్చీ వేస్తే ముందు వరస, వెనక వరస పుడతాయి. ముందు వరసలో ఎవరు కూర్చోవాలో ఊరికి ముందే తెలుసు. చాప మీద ఆ గొడవ పూర్తిగా పోదు గానీ సగం పోతుంది. గుండ్రంగా పరవండి. మోకాళ్ళు నొప్పులున్న పెద్దవాళ్ళకి నాలుగు పీటలు వెయ్యండి. మైకు అసలొద్దు. మైకు ఉంటే ఎవడో ఒకడు అందుకుంటాడు.

రెండో ఏడు ఆ నలుగురే మళ్ళీ వచ్చారు. మొదటి సాయంత్రం క్లారినెట్ ఆయన్ని పిలిచాను. వచ్చాడు, గేటు దగ్గరే నిలబడ్డాడు. "రావోయ్ లోపలికి" అన్నాను. "పర్లేదండి మాస్టారూ, ఇక్కడ బానే ఉంది" అన్నాడు. నేను గేటు దాకా వెళ్ళి తీసుకొచ్చేలోపు ఫ్రాన్సు ఆవిడ తన చాప సగం ఖాళీ చేసి, చేత్తో తట్టి చూపించి, "మాస్టర్" అంది. ఆ ఒక్క మాటకి మా ఆవిడ నా వంక చూసిన చూపు ఉంది చూశారూ! నాకంటే నాలుగేళ్ళు పెద్దాయన్ని ఇన్నాళ్ళూ "ఏవోయ్" అన్నవాణ్ణి. ఆ సాయంత్రం నుంచి నా నోటికి "మీరు" అలవాటు చేసుకోవలసి వచ్చింది. మొదట్లో ఆయనకీ ఇబ్బందిగానే ఉండేది, నాకూ ఇబ్బందిగానే ఉండేది.

పెద్ద వీధి వాళ్ళు ఇద్దరు ఆ రోజు కాఫీ కూడా తాగకుండా లేచిపోయారు. పోనిచ్చాను. మూడో రోజుకి వాళ్ళ పిల్లలు వచ్చారు, నాలుగో రోజుకి ఒకాయన వచ్చాడు, ఇంకొకాయన ఇప్పటికీ రాడు.

మన ఇంట్లోనే ఉన్న యూరప్

మొదటి పూట పాటలు వద్దు. ఇంట్లో, ఊళ్ళో ఉన్న వాయిద్యాలన్నీ చాప మీద పెట్టించండి. ఏది ఎక్కడిదో చెప్పుకోవడమే ఆ పూట పని.

హార్మోనియం మా నాన్నగారిది. పద్య నాటకాలకి వాయించేవారు. ఐదు శ్రుతి కింద పాడితే జనం గోలచేసే రోజులవి. ఆ పెట్టెకి పేటెంటు 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబెయిన్ తీసుకున్నాడు. అప్పట్లో కాళ్ళతో తొక్కుతూ, కుర్చీలో కూర్చుని వాయించేవారు. కలకత్తాలో దాన్ని నేల మీదికి దించి, వెనక చేతితిత్తి పెట్టారు. మరి మన దేశపు రేడియోయే అది మన సంగీతానికి పనికిరాదని 1940 నుంచి 1971 దాకా గడప తొక్కనివ్వలేదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి జార్చడం, అందులో పలకదని అభ్యంతరం. నాన్నగారికి ఆ కోపం పోయేదాకా పోలేదు. ఈ కథ చెప్పేసరికి ఫ్రాన్సు ఆవిడ ఆ పెట్టెని తమ ఊరి నుంచి తప్పిపోయి వచ్చిన బంధువుని చూసినట్టు చూసింది.

వయొలిన్ చూపించేటప్పుడు కూర్చునే తీరు చూపించండి. వాళ్ళు నిలబడి గడ్డం కింద పెట్టుకుంటారు. మనం నేల మీద కూర్చుని, తల భాగాన్ని కుడికాలి మడమకి ఆనించి వాయిస్తాం. చెయ్యి జారడానికి అలా అయితేనే కుదురుతుంది. దాన్ని మన సంగీతంలోకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు, యూరోపియన్ విద్వాంసుడి దగ్గర నేర్చుకుని మరీ తెచ్చాడు. అన్నగారేమో ఇంగ్లీషు బ్యాండు వాయించే వరసలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టాడు. నొట్టుస్వరాలు అంటాం. "రెండు వందల ఏళ్ళ కిందటే మీ పాట మాకు, మా మాట మీకు కలిశాయి" అని చెబితే జర్మనీ అబ్బాయి నమ్మలేదు. పిల్లల చేత ఒకటి పాడించాక నమ్మాడు.

ఇక మాండలిన్. అది ఇటలీ వాయిద్యం. కానీ పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళాడో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. 1983లో, పద్నాలుగేళ్ళ వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వినిపించాడు. వాళ్ళ వాయిద్యం మీద, వాళ్ళ ఊళ్ళో, మన రాగం.

శ్రుతి కలపడం

అందరూ ఇక్కడే తడబడతారు, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

రెండు శ్రుతి పెట్టుకోండి, వాళ్ళ భాషలో డి. వయొలిన్‌కీ మాండలిన్‌కీ వేలు నొక్కకుండానే ఆ స్వరం పలికే తీగ ఉంటుంది, గిటారుకి నాలుగో తీగ అదే. మన పిల్లల గొంతులకీ హాయిగా ఉంటుంది. పాత హార్మోనియం సరిగ్గా శ్రుతిలో ఉండదు. ఫోనులో ట్యూనర్ పెట్టి చూడండి. మాది కొంచెం పైకి ఉంటుంది. దాని రీడ్లు, అంటే లోపల పలికే రేకులు, అప్పటికప్పుడు గీకి సరిచెయ్యలేం కనక మిగతావాళ్ళే హార్మోనియానికి కలపాలి. తీగలు బిగిస్తే పైకి వస్తాయి. క్లారినెట్ పైన ఉంటే మూతి దగ్గర కాస్త బయటికి లాగితే దిగుతుంది, కింద ఉంటే మాత్రం చెయ్యగలిగింది తక్కువ.

మొదటి పాటగా యూరప్ గీతం పెట్టండి. జర్మన్ సంగీతకారుడు బీథోవెన్ 1824లో వినిపించిన తొమ్మిదో సింఫనీ అనే పెద్ద వాద్యబృంద రచనలోది. మన స్వరాల్లో ఇదిగో, శంకరాభరణం మెట్లు:

గ గ మ ప, ప మ గ రి, స స రి గ, గా రి రీ

మొత్తం పాటంతా ఐదు స్వరాల్లో నడుస్తుంది, ఒక్క చోట మాత్రం మంద్ర పంచమానికి, అంటే కింది పా దాకా, దిగుతుంది. ఆరో తరగతి పిల్ల గంటలో నేర్చేసుకుంటుంది. దీన్ని 1972లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ గీతంగా తీసుకుంది, తరవాత 1985లో ఇప్పటి యూరోపియన్ యూనియన్ దేశాధినేతలు ఒప్పుకున్నారు. సింఫనీలో ఈ వరసకి జర్మన్ కవి షిల్లర్ కవిత ఉన్నా అధికార గీతంలో మాటలు లేవు, ఒట్టి వరసే. ఇప్పుడక్కడ 24 అధికార భాషలు. ఏ భాషలో పాడితే ఏ దేశం అలుగుతుందో! మన దగ్గర జిల్లా పేరు మారిస్తేనే ఏమైందో చూశాం కదా.

మనవైపు నుంచి మోహన రాగం నేర్పండి. ఐదే స్వరాలు. స్కాట్లండు, ఐర్లండు జానపదాల్లో కూడా ఆ ఐదు స్వరాల వరసలు బోలెడు, అందుకని వాళ్ళ చెవికి కొత్తగా ఉండదు. గిటారు ఆయన అలవాటు కొద్దీ మూడేసి స్వరాలు కలిపి మీటుతుంటే, మోహన వరకు మాత్రం ఆపి తంబూరాలా సా-పా మీద ఉండమనండి. బీథోవెన్ దగ్గర ఆయన ఇష్టానికి వదిలెయ్యండి. ఎవరి ఇంట్లో వాళ్ళ పద్ధతి.

తాళానికి డోలు ఆయన్ని కూర్చోబెట్టండి. పోలండు వాళ్ళ మజుర్కా నాట్యానికి మూడు దెబ్బలు. బరువు మొదటి దెబ్బ మీద కాకుండా రెండో దాని మీదో మూడో దాని మీదో పడుతుంది. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టి చూపించబోయేలోపే మా డోలు ఆయన పట్టేశాడు. "ఇది మన జాతర దెబ్బేనండి, కాలు కాస్త కుంటుతోందంతే" అన్నాడు. తర్జుమా చేస్తే ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

వినిపించడం వద్దు, నేర్పించండి

నేను పెట్టిన నియమం ఇదొక్కటే. ఎవరూ కచేరీ చెయ్యకూడదు. ప్రతివాళ్ళూ ఒక చిన్న ముక్క నేర్పాలి, ఒక చిన్న ముక్క నేర్చుకోవాలి, నాలుగో సాయంత్రం నేర్చుకున్నదే వాయించాలి. తనకి వచ్చింది వాయిస్తే చప్పట్లు వస్తాయి. రానిది వాయిస్తేనే పక్కవాడి సాయం కావాలి.

ఫ్రాన్సు ఆవిడ క్లారినెట్ ఆయన దగ్గర మోహనలో గాంధారం నుంచి పంచమానికి జారడం నేర్చుకోవాలని పట్టుబట్టింది. ఆవిడ వేళ్ళు మెట్టు మెట్టుగా ఎక్కుతాయి, ఆయన వేళ్ళు రంధ్రాల మీద సగం మూసి సగం తెరిచి పాకుతాయి. మూడు రోజులు. ముప్పై ఏళ్ళు నేర్పిన టీచరు, మొదటి పుస్తకం పట్టుకున్న పిల్లలా తప్పులు వాయిస్తూ, చెమట తుడుచుకుంటూ. ఆయనకి అక్షరం రాదు, స్వరం కాగితం మీద ఎలా ఉంటుందో చూడలేదు. బీథోవెన్ వరస ఒక్కసారి విని వాయించేశాడు, కాకపోతే ప్రతి గాంధారానికీ ఒక ఊపు తగిలించి. నేను సరిచెయ్యబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

నాలుగో సాయంత్రం ఇద్దరూ కలిసి ఆ బీథోవెన్ వరసే వాయించారు. ఆవిడది తిన్నగా, ఆయనది ఊగుతూ. శాస్త్రం తెలిసినవాళ్ళు విని ఉంటే ముక్కు విరిచేవారే. మా ఆవిడ మాత్రం పూతరేకు చుట్టడం ఆపి, చేతిలో నెయ్యి కారుతున్నా చూసుకోలేదు.

చేతులకి పని ఉండాలి

పాట రానివాళ్ళు సగం మంది ఉంటారు, వాళ్ళకి చేతిపని పెట్టండి. నాకు తెలిసినంతలో మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోమంటే మాట్లాడుకోరు. పక్కపక్కన కూర్చుని చేతులు ఆడిస్తుంటే మాట దానంతటదే వస్తుంది.

నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిందే. కొక్కెం సూది, తెల్ల దారం, వేళ్ళ మధ్య పువ్వు. మా ఆవిడా, ఆ వీధి ఆడవాళ్ళు ఆరుగురూ అతిథులకి ఒక పువ్వు అల్లడం నేర్పారు. దానికి బదులు పోలండు అమ్మాయి కాగితం బొమ్మలు నేర్పింది. వాళ్ళ వోవిచ్ ప్రాంతంలో రంగు కాగితాలు కత్తిరించి ఒకదాని మీద ఒకటి అంటించి పువ్వులు, కోళ్ళు చేస్తారు. కోళ్ళంటే పుంజులండి, తోక విప్పుకుని, ఎదురెదురుగా! మా కుర్రాళ్ళు చూసి, "ఇది కాకి, ఇది డేగ" అని జాతులు చెప్పడం మొదలెట్టారు. ఆ అమ్మాయి ఆ పేర్లన్నీ పుస్తకంలో రాసుకుంది. పందెం సంగతి మేం చెప్పలేదు. రెండో రోజు ఎవడో చెప్పేశాడు.

లేసు దగ్గర ఒక ఇబ్బంది వచ్చింది. ఇబ్బందే అయినా అది రానివ్వండి. మా వీధి ఆవిడ ఒకామె, తాను అల్లిన బల్లగుడ్డ చూపించి, "ఇది మీ దేశంలో ఎంతకి అమ్ముతారమ్మా?" అని అడిగింది. తర్జుమా చేస్తున్న ఇంటర్ పిల్ల నా వంక చూసింది. చెప్పమన్నాను. జర్మనీ అబ్బాయి ఫోనులో వెతికి, అలాంటి గుడ్డ ధర చూపించి, రూపాయల్లోకి మార్చి చెప్పాడు. వరండాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ లెక్క వేసుకుంది. "అయితే నా కూలీ ఇందులో దారం ఖరీదంత కూడా లేదన్నమాట" అని మళ్ళీ అల్లుకోసాగింది. ఆ పూటకి శాంతి లేదు, సంభాషణ మాత్రం ఉంది. ఆ ఏడు నుంచి ఆ ఆరుగురూ ఏజెంటుతో ధర మాట్లాడేటప్పుడు విడివిడిగా వెళ్ళడం మానేశారు.

వాళ్ళ తగువులు, మన తగువులు

కొట్టుకున్న దేశాల వాళ్ళని పిలవమన్నది ఇందుకు. కత్తెర్లు ఆడిస్తూ కూర్చున్న జర్మనీ అబ్బాయి, పోలండు అమ్మాయి మూడో రోజు మధ్యాహ్నం మెల్లిగా మాట్లాడుకోవడం మా అమ్మాయి విని నాకు చెప్పింది. ఆ అమ్మాయి ముత్తవ్వది పోలండు రాజధాని వార్సా. 1944లో జర్మన్లు ఆ ఊరిని ఇల్లిల్లూ కూల్చారు. ఆ అబ్బాయి తాతగారు యుద్ధం గురించి చచ్చేదాకా నోరు విప్పలేదు. 1970లో జర్మనీ నాయకుడు విలీ బ్రాంట్ వార్సాలో స్మారకం ముందు మోకాళ్ళ మీద కూర్చున్న ఫొటో ఇద్దరి బడి పుస్తకాల్లోనూ ఉందట. ఒకే ఆఫీసులో రెండేళ్ళు పనిచేశారు, ఈ మాట అక్కడ ఎప్పుడూ రాలేదట. మా వరండాలో ఎందుకొచ్చిందంటే, అక్కడ ఇద్దరూ పరాయివాళ్ళే కాబట్టి అనుకుంటాను.

పాట మీద అతినమ్మకం పెట్టుకోకండి. ఆ జర్మనీ అబ్బాయే చెప్పాడు. తొమ్మిదో సింఫనీని 1942లో బెర్లిన్‌లో హిట్లర్ పుట్టినరోజు వేడుకకీ వాయించారు. బెర్లిన్ గోడ కూలాక 1989 క్రిస్మస్‌కి అదే బెర్లిన్‌లో అమెరికా సంగీత దర్శకుడు బెర్న్‌స్టైన్ పలుదేశాల వాద్యకారులతో వాయించి, ఆ కవితలో "ఆనందం" అన్న మాట తీసి "స్వేచ్ఛ" అని పాడించాడు. పాట ఎవరి చాప మీదైనా కూర్చుంటుంది, దాన్ని నమ్ముకుని మనం పని మానెయ్యకూడదు. ఇది విని ఎస్తోనియా కుర్రాడు ఒప్పుకోలేదు. వాళ్ళ దేశంలో పాటల పండగ 1869 నుంచి ఉంది. సోవియట్ పాలనలో ఉన్నప్పుడు 1988లో రాత్రులు రాత్రులు వేలమంది చేరి, పాడకూడదన్న పాటలు పాడారు. మరుసటేడు ఆగస్టు 23న ఎస్తోనియా, లాట్వియా, లిథువేనియా అనే మూడు బాల్టిక్ దేశాల వాళ్ళు చేతులు పట్టుకుని దాదాపు ఆరు వందల కిలోమీటర్లు నిలబడ్డారు. మన రాజమండ్రి నుంచి మద్రాసు దాకా అనుకోండి. వాళ్ళమ్మ ఆ వరసలో ఉందట. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నేను మధ్యలో వెళ్ళలేదు, టీ పంపించాను.

ఒక రోజు బండి కట్టించి తిప్పండి. పాలకొల్లు, నరసాపురాల్లో డచ్చివాళ్ళు, బండమూర్లంక, ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు బట్టల వ్యాపారానికి దిగారు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళది. పిఠాపురం దాటి గొల్లప్రోలు దగ్గర చందుర్తి ఉంది. 1758 డిసెంబరులో ఫ్రెంచివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ అక్కడ యుద్ధం చేశారు. వాళ్ళ తగువు మన చేలల్లో తీర్చుకున్నారన్నమాట. ఫ్రాన్సు ఆవిడకి చూపిస్తే, "ఎవరు గెలిచారు?" అంది. ఇంగ్లీషువాళ్ళన్నాను. "అయ్యో, అందుకా మీకు మా భాష రాదు!" అంది.

మనవాళ్ళు అడిగే ప్రశ్నలకి అతిథుల్ని ముందే సిద్ధం చెయ్యండి. పెళ్ళైందా, జీతమెంత, అమ్మానాన్నల్ని ఎందుకు దగ్గరుంచుకోరు. వాళ్ళడిగే ప్రశ్నకి మనమూ సిద్ధపడాలి. "ఆయన మొదటి రోజు గేటు దగ్గరే ఎందుకు ఆగాడు?" అని ఎస్తోనియా కుర్రాడు నన్నే అడిగాడు. మోమాటం అని చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు. కులం అంటే ఏమిటో, దాంట్లో నేనెక్కడున్నానో అరగంట చెప్పాను. ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఏ పాఠానికీ అంత చెమట పట్టలేదు నాకు.

తర్జుమాకి ఇంటర్, డిగ్రీ పిల్లల్ని పెట్టుకోండి, పెద్దల్ని పెట్టకండి. పెద్దలు తర్జుమా చెయ్యరు, ఉపన్యాసం చేస్తారు. ఎవరైనా ముందు తమ భాషలో చెప్పాలి, ఒక్కో వాక్యం చొప్పున. పోలిష్ ఎవరికీ అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఆ గొంతు వినాలి.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పొట్టిక్కలు, దిబ్బరొట్టె, పనసపొట్టు కూర చెయ్యండి, కారం సగం వెయ్యండి. కొబ్బరిబొండాలు దండిగా పెట్టండి. దోమతెరలు మరిచిపోకండి. రెండో ఏడు మొత్తం ఖర్చు 9,400 అయింది, అందులో మూడొంతులు తిండికే.

వెళ్ళిపోయాక

చాలామంది ఇక్కడితో వదిలేస్తారు. అలా వదిలేస్తే అది విహారయాత్ర అవుతుంది. యూరప్‌లో యుద్ధం ముగిసిన ఐదేళ్ళకే, 1950లో, ఫ్రాన్సులోని మోంబెలియార్, జర్మనీలోని లుడ్విగ్స్‌బుర్గ్ జంట ఊళ్ళుగా కలిశాయి. రెండు ప్రభుత్వాలూ స్నేహ ఒప్పందం మీద సంతకాలు పెట్టింది 1963లో. ఊళ్ళు ముందు, దేశాలు వెనక. కాబట్టి మీరూ ఎవరి అనుమతి కోసమూ చూడకండి.

నెలకో ఆదివారం, మన సాయంత్రం ఆరింటికి కాల్ పెట్టుకోండి. చలికాలంలో జర్మనీ, ఫ్రాన్సుల్లో అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటన్నర, వేసవిలో రెండున్నర. అక్కడ మార్చి చివర, అక్టోబరు చివర గడియారాలు మారుస్తారు, ఆ రెండు నెలలూ ముందే సరిచూసుకోండి. కాల్‌లో కలిసి వాయించడానికి ప్రయత్నించకండి, శబ్దం ఆలస్యంగా చేరి తాళం పోతుంది. ఒకరు వాయిస్తే ఇంకొకరు వినాలి. లేదా ఒకరు రికార్డు చేసి పంపితే, దాని మీద ఇంకొకరు వాయించి పంపాలి.

పోయిన నెల ఫ్రాన్సు ఆవిడ నుంచి చిన్న పెట్టె వచ్చింది. పది క్లారినెట్ రీడ్లు, అంటే మూతి దగ్గర అదిరే పల్చని బద్దలు, మంచి రకం. క్లారినెట్ ఆయన ఒకటి నోట్లో పెట్టుకుని ఊది, "బాగుందండి, కానీ మరీ బిరుసు" అని, జేబులోంచి బ్లేడు తీసి, చివర పల్చగా గీకేశాడు. ఇంకోసారి ఊదాడు. మళ్ళీ గీకాడు. నేను ఆ వీడియో పంపితే ఆవిడ వెంటనే ఫోను చేసింది. అలా గీకడం తనకి నేర్పాలట, వచ్చే ఆదివారం అదే పాఠం. మీరూ ఇలాంటిదేదైనా చూపించాల్సి వస్తే ఫోను ఎవరి చేతికీ ఇవ్వకండి. నాలుగు పుస్తకాలు పేర్చి, వాటికి ఆనించి, వెలుతురు ఎడమవైపు నుంచి పడేట్టు పెట్టండి. లేకపోతే బ్లేడు మెరుపు కనబడుతుంది గానీ రీడు మీద గీత కనబడదు.